పాత అంబాసిడర్‌లో, పద్మినిలో కొత్త స్టీరియో: డ్యాష్‌బోర్డు కోయకుండా బిగించుకోవడం ఎలా

అన్నిటికంటే ముందు ఒక మాట: డ్యాష్‌బోర్డు కోయకండి, ఎవర్నీ కోయనివ్వకండి. పాత బండి తీసుకెళ్లి స్టీరియో పెట్టమంటే చాలా చోట్ల మొదట బయటికి వచ్చేది గ్రైండరే. అరగంటలో కన్నం పడుతుంది, పాట వస్తుంది, చూడటానికి పని అయిపోయినట్టే ఉంటుంది. కానీ కోసిన రేకు మళ్లీ రాదు. ఉత్తరపరా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది, ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే, 2000 ప్రాంతంలోనే ఆగింది. ఇక మంచి డ్యాష్‌బోర్డు కావాలంటే విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో పాత సామాను మధ్య వెతుక్కోవాలి, తీరా దొరికిందాన్ని కూడా ఎవరో ముందే కోసేసి ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి ఇక్కడ చెప్పే పద్ధతి మొత్తానికి ఒకటే షరతు: రేపు నాలుగు స్క్రూలు విప్పితే బండి ఇవాళ ఉన్నట్టే ఉండాలి.

అసలు కొత్త స్టీరియో అందులో ఎందుకు పట్టదంటే, ఇప్పటి సింగిల్ డిన్ సెట్ల ముఖం 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు ఉంటుంది. ఈ కొలత అంతర్జాతీయ ప్రమాణం అయింది 1984లో. అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ 1950ల నాటి బండి, పద్మినికి మూలమైన ఫియట్ 1100డి 1962లో వచ్చింది. అప్పటి రేడియోలకు అటో నాబ్, ఇటో నాబ్, మధ్యలో చిన్న డయల్ కిటికీ. మీ బండిలో ఆ రెండు నాబ్‌ల చోటు ఇంకా అలాగే ఉంటే మీరు అదృష్టవంతులు, దాన్ని ముట్టుకోకండి.

ముందు బండి సంగతి తెలుసుకోండి

బోనెట్ ఎత్తి బ్యాటరీ చూడండి. బ్యాటరీ నుంచి వచ్చే రెండు లావు వైర్లలో ఒకటి బాడీకి బోల్టు అయి ఉంటుంది. అది మైనస్ అయితే మీది నెగటివ్ ఎర్త్ బండి, టెన్షన్ లేదు. ప్లస్ అయితే పాజిటివ్ ఎర్త్. పాత అంబాసిడర్లలో ఇది కనిపిస్తుంది, అప్పటి బ్రిటిష్ బండ్ల పద్ధతి అది. ఇప్పుడు దొరికే స్టీరియోలన్నీ నెగటివ్ ఎర్త్‌కే. పాజిటివ్ ఎర్త్ బండిలో దాన్ని తెలియక బిగిస్తే, వైర్లు సరిగ్గా తిప్పి కలిపినా సరే, స్టీరియో ఇనుప పెట్టె బ్రాకెట్‌కు తగిలినా, యాంటెన్నా కేబుల్ పై జాలీ మడ్‌గార్డుకు తగిలినా నేరుగా షార్టే.

ఇలాంటి బండికి రెండు దారులు. ఒకటి, బండినే నెగటివ్ ఎర్త్‌కు మార్చడం. బ్యాటరీ వైర్లు తారుమారు చేయాలి, ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చేది) మీది రెండు వైర్లు మార్చాలి, ఆమీటర్ (కరెంటు ఎంతో చూపే మీటరు) ఉంటే దాని వైర్లూ మార్చాలి, ఆ తర్వాత డైనమోకు (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసేది) కొత్త దిశ నేర్పాలి: డైనమో మీది ఎఫ్ టెర్మినల్ వైరు తీసేసి, బ్యాటరీ ప్లస్ నుంచి ఒక వైరు తెచ్చి ఆ టెర్మినల్‌కు రెండు మూడుసార్లు క్షణం పాటు తాకించి తీసేస్తే చాలు, చిన్న మెరుపు వస్తుంది. కాయిల్, డైనమో గురించి బాగా తెలిసిన పాతకాలపు ఆటో ఎలక్ట్రీషియన్ దొరికితే ఆయన చేతే చేయించండి. రెండో దారి, ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య సంబంధం లేని ఐసొలేటెడ్ కన్వర్టర్ కొని స్టీరియోను దాని మీద నడపడం. అప్పుడు కూడా స్టీరియో పెట్టె, యాంటెన్నా ఎక్కడా బాడీకి తగలకూడదు కాబట్టి ఇది చెప్పినంత సులువు కాదు. బండి ఎప్పటికీ మీ దగ్గరే ఉండేదైతే మొదటి దారే మంచిదని నా అభిప్రాయం.

తర్వాత చూడాల్సింది బ్యాటరీని ఛార్జ్ చేసేది పాతకాలపు డైనమోనా, తర్వాత వచ్చిన ఆల్టర్నేటరా అని. ఆల్టర్నేటర్ ఉంటే ఈ పేరా వదిలేయండి. బ్రిటిష్ కంపెనీ లూకాస్ వారి సీ40 రకం డైనమో పూర్తి వేగంలో ఇచ్చేది సుమారు 22 ఆంపియర్లు, ఐడిలింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. వాన పడుతున్న రాత్రి లెక్క వేసుకోండి: హెడ్‌లైట్లకు తొమ్మిది, వెనక లైట్లకూ మీటరు లైట్లకూ రెండు, వైపర్‌కు మూడు, కాయిల్‌కు మూడు. పదిహేడు అక్కడే పోయింది. స్టీరియో మామూలు వాల్యూమ్‌లో రెండు మూడు ఆంపియర్లు తీసుకుంటుంది, అది సరిపోతుంది. దాని మీద డిక్కీలో పెద్ద యాంప్లిఫయరు, సబ్ ఊఫరు పెడితే మాత్రం ట్రాఫిక్‌లో నిలబడ్డ ప్రతిసారీ బ్యాటరీయే మోయాలి. ఇంజిన్ కాస్త రైజ్ చేసి బ్యాటరీ మీద మల్టీమీటర్ పెట్టండి. 14 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. 15 దాటుతుంటే వోల్టేజీని అదుపులో ఉంచే పాత రెగ్యులేటర్ పెట్టె సర్దుబాటు తప్పినట్టే, అది సరిచేయకుండా కొత్త సెట్టు కలపకండి.

ఎక్కడ పెట్టాలి

నాకు నచ్చేది డ్యాష్‌బోర్డు కింద, మధ్యలో వేలాడే చిన్న పెట్టె. ఈ బండ్లలో చాలావాటికి గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది కాబట్టి కింద మధ్యభాగం ఖాళీ, ఇప్పటి కార్లలో ఆ సౌకర్యం లేదు. చేతికి అందుతుంది, గాలి తగులుతుంది, డ్యాష్‌బోర్డు చెక్కుచెదరదు.

బయటికి అసలేమీ కనిపించకూడదు అనుకుంటే గ్లవ్‌బాక్సులో పెట్టి మూత వేసేయండి, ఫోన్ బ్లూటూత్ మీదో రిమోట్ మీదో నడుపుకోవచ్చు. మూత వేసి ఉంటే వేడి లోపలే ఉండిపోతుంది కాబట్టి గ్లవ్‌బాక్సు వెనక అట్టలో గాలి పోయే దారి ఉందో లేదో చూడండి. మూడోది, రెండు నాబ్‌ల పాత చోటు ఉన్నవాళ్లకు: పాత రూపంలోనే బ్లూటూత్‌తో వచ్చే కొత్త రేడియోలు ఉన్నాయి, వాటి నాబ్‌ల మధ్య దూరం సర్దుకోవచ్చు. ఖరీదు ఎక్కువ, కానీ చూస్తే ఫ్యాక్టరీ నుంచే వచ్చిందా అనిపిస్తుంది. ఒరిజినల్ రేడియో ఉండి, పలకకపోతే దాన్ని అక్కడే ఉంచి, వెనకాల ఒక చిన్న బ్లూటూత్ యాంప్లిఫయర్ బోర్డు దాచి స్పీకర్లు దానికి కలిపేవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీలో ఇలాంటి బోర్డులు దొరుకుతాయి.

కొనే ముందు అట్టపెట్టె పరీక్ష చేయండి, ఇది మాత్రం తప్పించుకోవద్దు. మందపాటి అట్టతో 182 మి.మీ. వెడల్పు, 53 మి.మీ. ఎత్తు పెట్టె చేయండి. లోతు మీరు అనుకుంటున్న సెట్టుదే పెట్టి, దానికి వెనక వైర్లు మడత తిరగడానికి ఇంకో రెండంగుళాలు కలపండి. సీడీ ఉన్నవి లోతు ఎక్కువ, యూఎస్‌బీ బ్లూటూత్ మాత్రమే ఉన్నవి పొట్టిగా ఉంటాయి, ఈ బండ్లకు పొట్టివే నయం. ఆ పెట్టెను అనుకున్న చోట టేపుతో అంటించి సీట్లో కూర్చోండి. క్లచ్ పూర్తిగా తొక్కండి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి, గేర్లన్నీ వేసి చూడండి, చోక్ లాగండి, వైపర్ వేయండి. ముందు సీటు బెంచీలాగా ఉంటుంది కాబట్టి మధ్యలో ఒక మనిషిని కూర్చోబెట్టి మోకాలు ఎక్కడ తగులుతుందో కూడా చూడండి. పెట్టె వెనక్కి చెయ్యి పెట్టి స్పీడోమీటర్ కేబుల్, వైపర్ లింకులు ఎటు పోతున్నాయో తడిమి తెలుసుకోండి.

ఇంకొకటి, ఆకాశవాణి మీడియం వేవ్ వినే అలవాటు ఉంటే కొనేటప్పుడే ఏఎమ్ ఉందో లేదో అడగండి. చవక సెట్లు చాలావాటిలో ఎఫ్ఎమ్ ఒక్కటే ఉంటుంది. హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్, విజయవాడ 837 కావాలంటే అది పనికిరాదు.

పెట్టె, బ్రాకెట్

బ్యాటరీ విప్పాకే పని మొదలుపెట్టాలి. ముందు బాడీకి ఎర్త్ అయిన వైరు తీయండి, ఆ తర్వాతే రెండోది. తిరిగి బిగించేటప్పుడు దానికి తలకిందులు. ఇలా చేస్తే స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా నిప్పులు రావు.

పెట్టెకు తొమ్మిది మి.మీ. ప్లైవుడ్ చాలు, పైన సీట్ల రంగుకు దగ్గరగా ఉండే రెగ్జిన్ అంటించండి. లోపలి కొలత 182×53. స్టీరియోతో వచ్చే పల్చటి రేకు తొడుగు అందులో దూర్చి, దాని నాలుకలు స్క్రూడ్రైవర్‌తో బయటికి వంచితే అది చెక్కను పట్టుకుంటుంది, సెట్టు ఆ తొడుగులోకి టక్కున దిగుతుంది. వేలాడదీయడానికి ఇనుప పట్టీ వంచి, డ్యాష్‌బోర్డు కింది అంచున ఇప్పటికే ఉన్న స్క్రూల కిందే దాన్ని పట్టించండి, కొత్త రంధ్రం వద్దు. అవసరమైతే అవే కొలతలో కాస్త పొడవు స్క్రూలు తెచ్చుకోండి. వెనకవైపు కూడా ఒక పట్టీ తప్పనిసరి. ముందు మాత్రమే బిగిస్తే మన రోడ్ల మీద సెట్టు కదిలి కదిలి నెలలోనే లొడలొడమంటుంది.

వైర్లు: అసలు పని ఇదే

స్టీరియో వెనక వచ్చే వైర్ల రంగులు ఇప్పుడు దాదాపు అన్ని కంపెనీలవీ ఒకటే. పసుపు ఎప్పుడూ ఉండాల్సిన కరెంటు, ఎరుపు తాళం తిప్పితే వచ్చే కరెంటు, నలుపు ఎర్త్. తెలుపు ముందు ఎడమ స్పీకరు, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. అదే రంగు మీద నల్ల గీత ఉంటే ఆ స్పీకరు మైనస్. నీలం మోటారుతో లేచే యాంటెన్నాకు, నీలం మీద తెల్ల గీత విడి యాంప్లిఫయర్‌కు. ఈ రెండూ వాడకపోతే కొసలు టేపు చుట్టి వదిలేయండి, ఎర్త్‌కు మాత్రం తగలనివ్వకండి. అయినా సెట్టు మీద అంటించిన బొమ్మతో ఒకసారి సరిచూసుకోండి.

బండి వైపు మాత్రం రంగుల్ని నమ్మకండి. అంబాసిడర్‌ది లూకాస్ పద్ధతి: గోధుమ రంగు ఎప్పుడూ కరెంటు ఉండేది, తెలుపు ఇగ్నిషన్‌ది, ఆకుపచ్చ ఇగ్నిషన్ నుంచి ఫ్యూజు దాటి వచ్చేది. ఫ్యూజు పెట్టె మీద ఎ1, ఎ2, ఎ3, ఎ4 అని ఉంటే ఎ2 ఎప్పుడూ ఉండే లైను, ఎ4 తాళం మీద వచ్చే లైను. పుస్తకంలో అలా ఉంటుంది. నలభై ఏళ్లలో ఎంతమంది చేతులు పడ్డాయో ఆ వైరింగ్ మీద, ఎరుపు అయిపోతే నలుపు వేసినవాళ్లు ఎందరో. ప్రతి వైరూ టెస్టర్ బల్బు పెట్టి చూశాకే కలపండి.

పసుపు వైరును ఫ్యూజు పెట్టె నుంచి కాకుండా నేరుగా బ్యాటరీ ప్లస్ నుంచి తెచ్చుకోండి. రెండున్నర ఎస్‌క్యూఎమ్ఎమ్ (చదరపు మి.మీ.) మల్టీస్ట్రాండ్ ఆటో వైరు, బ్యాటరీకి జానెడు లోపలే 10 ఆంపియర్ల ఫ్యూజు హోల్డరు. సెట్టు వెనక 15 ఫ్యూజు ఉంటే ఇక్కడా 15 వేయండి. అసలు ఫ్యూజు సెట్టు వెనకే ఉంది కదా, ఇంకోటి ఎందుకు అంటారేమో, ఆ ఫ్యూజు సెట్టును కాపాడుతుంది. బ్యాటరీ నుంచి సెట్టు దాకా ఉన్న వైరు ఎక్కడైనా రేకు అంచుకు ఒరిగి తొక్క ఊడితే కాపాడేది బ్యాటరీ దగ్గరి ఫ్యూజే. వైరు లోపలికి వచ్చే చోట రబ్బరు గ్రామెట్ ఉన్న పాత రంధ్రమే వాడండి. గ్రామెట్ ఎండి పగిలిపోయి ఉంటుంది, కొత్తది వేయండి, పది రూపాయల వస్తువు మీద పొదుపు వద్దు.

ఎరుపు వైరు దగ్గర చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. పాత బండ్ల తాళంలో చాలావాటికి రేడియో కోసం విడిగా స్థానం ఉండదు, తిప్పితే నేరుగా ఇగ్నిషనే. ఎరుపు వైరును ఇగ్నిషన్‌కు కలిపారనుకోండి, ఇంజిన్ ఆపి చెట్టు కింద పాటలు వింటూ కూర్చుంటే, ఆ సమయంలో డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్‌లోంచి కరెంటు ఆగకుండా పోతూనే ఉంటుంది. కాయిల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, పాయింట్లు కాలిపోతాయి. పాట సంగతి తర్వాత, బండే స్టార్ట్ కాదు. అందుకే ఎరుపు వైరును పసుపు లైన్ నుంచే ఒక చిన్న టాగిల్ స్విచ్ ద్వారా ఇవ్వండి. ఎరుపులో పోయే కరెంటు తక్కువ, చిన్న స్విచ్ తట్టుకుంటుంది. స్విచ్‌ను మీ ప్లైవుడ్ పెట్టె పక్కనే బిగించండి. దిగేటప్పుడు ఆపడం గుర్తుండదు అనుకుంటే తాళం మీద పనిచేసే రిలే పెట్టించుకోండి, కానీ ఇంజిన్ ఆపి వినే అలవాటు ఉన్నవాళ్లకు స్విచ్చే సరైనది.

నలుపు వైరుకు మంచి ఎర్త్ కావాలి. డ్యాష్‌బోర్డు కింద ఏదో ఒక స్క్రూకు చుట్టేయకండి. ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడకు ఉన్న బోల్టు ఒకటి ఎంచుకుని, దాని కింద పెయింటు రూపాయి బిళ్లంత మేర గీకి, తళతళలాడే రేకు కనిపించాక పళ్ల వాషరు, లగ్గు, నట్టు వేసి బిగించి, పైన కాస్త గ్రీజు రాయండి. తర్వాత వచ్చే గోలల్లో సగం ఈ ఒక్క బోల్టు దగ్గరే ఆగిపోతాయి.

కలిపే ప్రతిచోటా వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు. మన ఎండలకు టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి, లేదంటే లగ్గులు గట్టిగా క్రింప్ చేయండి.

స్పీకర్లు

పాత రేడియోలకు స్పీకరు మైనస్ బాడీకే కలిపేవాళ్లు, ఒకే వైరు వచ్చేది. ఆ వైరింగ్ మీ బండిలో ఉంటే వాడకండి. కొత్త సెట్ల లోపలి యాంప్లిఫయర్‌లో స్పీకరు రెండు వైర్లలోనూ వోల్టేజీ ఉంటుంది. మైనస్ బాడీకి తగిలినా, రెండు స్పీకర్ల మైనస్‌లు ఒకదానికొకటి కలిసినా లోపలి ఐసీ పోతుంది. ప్రతి స్పీకరుకూ రెండు కొత్త వైర్లు లాగండి, ఒక ఎస్‌క్యూఎమ్ఎమ్ చాలు.

పెట్టె మీద 4×50 వాట్లు అని రాసి ఉంటుంది. 10 ఆంపియర్ల ఫ్యూజును 14 వోల్టులతో గుణిస్తే 140 వాట్లే, 200 ఎక్కడి నుంచి వస్తాయి? ఆగకుండా వచ్చేది ఒక్కో స్పీకరుకు పదిహేను, ఇరవై మధ్య. ఆ మాత్రం శక్తితో బాగా పలికే నాలుగు ఓమ్‌ల మామూలు స్పీకర్లు తీసుకోండి. తలుపులు కోయకండి. ముందువైపు, కాళ్ల పక్కన ఉండే పక్క గోడలకు సరిపడా చిన్న చెక్క పెట్టెలు చేసి నాలుగంగుళాల స్పీకర్లు పెట్టొచ్చు. వెనక అద్దం కింద ఉండే ట్రే కొలతకే కొత్త ప్లైవుడ్ ముక్క కోసి దానికి స్పీకర్లు బిగించండి, పాత ట్రే ఇంట్లో భద్రంగా దాచండి. ముందు రెండూ పెట్టకపోయినా ఈ వెనక రెండింటితోనే పాత పాటలు హాయిగా వినొచ్చు.

యాంటెన్నా

మడ్‌గార్డు మీద పాత యాంటెన్నా ఉంటే అదే వాడండి. ఎఫ్ఎమ్‌కు సుమారు 75 సెంటీమీటర్ల పొడవు బాగా పట్టుకుంటుంది, పూర్తిగా లాగితే అదే మంచిదనుకోవద్దు. దాని కింది భాగం రేకును గట్టిగా కరవాలి. తుప్పు ఉంటే విప్పి గీకి బిగించండి, లేకపోతే ఎంత మంచి సెట్టయినా బుస్సుమంటుంది. యాంటెన్నా లేని బండికి రంధ్రం చేయకండి, ముందు అద్దానికి లోపల అంటించే రకం తీసుకోండి. ఊళ్లో తిరిగేదానికి అది సరిపోతుంది, హైవే మీద కాస్త తక్కువ లాగుతుంది.

గోల వస్తే

అన్నీ బిగించక ముందే, వైర్లు బయట ఉండగానే ఇంజిన్ స్టార్ట్ చేసి వినండి. వాల్యూమ్ తక్కువలో పెట్టి యాక్సిలరేటర్ మెల్లగా తొక్కండి. వేగంతో పాటు పైకి లేచే కీచు శబ్దం డైనమోదో ఆల్టర్నేటర్‌దో. వేగంతో పాటు దగ్గరపడే టకటక ఇగ్నిషన్‌ది. ఇప్పుడు యాంటెన్నా ప్లగ్గు పీకేయండి. గోల ఆగిపోతే అది యాంటెన్నా దారిన వస్తోంది, ఆగకపోతే కరెంటు వైర్ల దారిన.

టకటకకు మొదటి మందు రెసిస్టన్స్ ఉన్న ప్లగ్ వైర్లు. తర్వాత కాయిల్‌కు సప్రెసర్ కండెన్సర్, అది ఇగ్నిషన్ కరెంటు వచ్చే వైపు టెర్మినల్‌కే కలపాలి. లూకాస్ కాయిల్ మీద దానికి ఎస్‌డబ్ల్యు అని ఉంటుంది, ఎర్త్ మార్చినప్పుడు కాయిల్ వైర్లు తారుమారు చేసి ఉంటే మాత్రం సీబీ అని. డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వైపు కలిపితే ఇంజిన్ మిస్ కొడుతుంది. కీచుకు డైనమో డి టెర్మినల్‌కు ఒక మైక్రోఫారడ్ కండెన్సర్ వేయండి, ఎఫ్ టెర్మినల్‌కు మాత్రం ఎప్పుడూ వద్దు, రెగ్యులేటర్ పాయింట్లు పాడవుతాయి. ఇవన్నీ కొనే ముందు ఎర్త్ బోల్టు మరోసారి చూడండి. ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి ఆక్స్ వైరుతో వింటున్నప్పుడే కీచు వస్తుంటే తప్పు బండిది కాదు, బ్లూటూత్‌కు మారితే పోతుంది.

శబ్దం శుభ్రంగా వచ్చాక వైర్లు కట్టలుగా కట్టి, క్లచ్ పెడల్‌కూ స్టీరింగ్ రాడ్డుకూ దూరంగా టైలతో బిగించి సెట్టు లోపలికి తోయండి.

చివరగా, బండి ఆదివారాలు మాత్రమే తీసేదైతే ఆపి ఉన్నప్పుడు ఎంత లాగుతోందో చూడండి. అన్నీ ఆపి, తాళం తీసి, బ్యాటరీ ఎర్త్ వైరు విప్పి మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల రేంజిలో మధ్యలో కలపండి. అది కలిపి ఉండగా సెల్ఫ్ కొట్టకండి, మీటర్ ఫ్యూజు పోతుంది. 10 మిల్లీఆంపియర్లు ఉంటే నెలకు ఏడు ఆంపియర్ అవర్లు పోయినట్టు, మంచి బ్యాటరీ తట్టుకుంటుంది. 50 దాటితే ముందు పసుపు వైరు ఫ్యూజు తీసి చూడండి, తర్వాత మిగతావి ఒక్కొక్కటీ తీయండి, ఏది తీస్తే అంకె పడిపోయిందో ఆ లైనులో వెతకాలి. నెలల తరబడి షెడ్డులోనే ఉండే బండికి బ్యాటరీ కట్ ఆఫ్ స్విచ్ పెట్టేయండి. స్టేషన్లు మళ్లీ సెట్ చేసుకోవాలి, అంతే. పనంతా అయ్యాక ఏ వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో ఒక కాగితం మీద గీసి, తీసిన పాత స్క్రూలు ఒక కవరులో వేసి, రెండూ గ్లవ్‌బాక్సులో పెట్టండి. రేపు బండి ఇంకో ఎలక్ట్రీషియన్ చేతికి వెళ్తే ఆయన మీ వైర్లు తెంపి చూడాల్సిన పని ఉండదు.